మార్చిలో చచ్చిపోయిన అడవి

కూసో. గట్ల గోడకానుకోని కాదు, సక్కగ కూసో. ఆ ఫోను బోర్లేసి పెట్టు సింధూ. సగం నా మాట ఇని, సగం నీ సోపతిగాళ్ళ మెసేజీలు సదువుకుంట రాస్తే, రేపు నువ్వు రాసింది సదివి అడవి నౌకరీల చేరే పిల్లలు పులిని జూసి మేక అనుకుంటరు. పుస్తకాల తెలుగుల రాస్తనంటవా, రాసుకో, నీ సదువు నీది. కానీ మనుషులు మాట్లాడిన మాట మాత్రం మాట్లాడినట్టే రాయాలె. నాగక్క నోట్ల "వచ్చాను, వెళ్ళాను" అని పెట్టినవో, ఆమె కొత్తగూడ నుంచి జనగామ దాక నడుసుకుంట వచ్చి నీ చెవి మెలేస్తది. నాగక్క ఎవరా? జెప్త. తొందరెందుకు? మీ అమ్మ అన్నానికి పిలిచేదాక టైముంది. రాయి.

పని అంటే

నాకు అడవి శాఖలో నౌకరీ వచ్చిందని తెలిసినరోజు మా నర్మెట్ట వాళ్ళు ఇంటికొచ్చి మరీ మా నాయనను ఓదార్చారు. "ఆడపిల్లను అడవికి తోలుతానవా పటేలా? కట్టెలే కావాలంటే మా గట్టు మీద కొట్టుకోరాదుండ్రి" అన్నాడొకాయన. మా నాయన అవునన్నట్టు తలూపాడు. ఆయనకూ అదే అనుమానం.

నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో చెప్పను. అది నాకూ మా ఇంటివాళ్ళకూ తప్ప ఎవరికీ పనికిరాదు. అసలు పని ఏమిటో చెబుతాను.

అడవి సర్కారుది. సర్కారుది అంటే ప్రజలది. ప్రజలది అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి, ఆ రోజు కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళది. నా ఉద్యోగమంతా ఈ మెట్లు ఎక్కడం, దిగడం. కుర్చీలో కూర్చున్నవాడికి అది వాడిది కాదని గుర్తు చేయాలి, అదీ వాడికి కోపం రాకుండా. పులిని తోలడం కంటే కష్టం.

ఇంకో మాట. చెట్టు కొట్టడం పాపమని మీకు బడిలో నేర్పి ఉంటారు. బొమ్మ కూడా గీయించి ఉంటారు, చెట్టుకు కన్నీళ్ళు పెట్టి. అదంతా మరిచిపోండి. మేం కొట్టాం, కొట్టించాం. పాత పద్ధతిలో అడవిని ముక్కలు చేసి, ఏడాదికొక ముక్క కొట్టేవాళ్ళు. ఆ ముక్కను కూపు అంటారు. మొదలు నేలకు దగ్గరగా, ఏటవాలుగా నరకాలి, వాన నీళ్ళు నిలిచి మొద్దు కుళ్ళకుండా. ఇప్ప, మొర్రి, తునికి లాంటి పండ్ల చెట్లను ముట్టొద్దు. మొద్దు నుంచి లేచే పిలకలు మేకకు అందనంత ఎత్తు పెరిగేదాకా మేకను రానివ్వొద్దు. అట్లా ఒక్కో ముక్కా కొట్టుకుంటూ పోయి, మళ్ళీ మొదటి ముక్కకు వచ్చేసరికి అక్కడ అడవి ఉంటుంది. కొట్టినవాడు ముసలివాడై ఉంటాడు. అదీ లెక్క.

ఇప్పుడు చేసేది అది కాదు. ఇప్పుడు చేసేది ఊడ్చేయడం. డోజరు పెట్టి వేళ్ళతో సహా పెకలించి, దున్ని, జామాయిల్ గీతలు గీసినట్టు నాటుతారు. దాన్ని అడవి అంటారు. నా వంటింట్లో డబ్బాలు వరుసగా ఉన్నాయి, అదీ అడవేనా?

ఆకులు కడిగిన సారు

భూపాలపల్లిలో పనిచేసినప్పుడు నాకో సారు ఉండేవాడు. చాలా మంచివాడు, మొక్కలంటే ప్రాణం, ముఖ్యంగా ఫోటోలో ఉన్న మొక్కలంటే. చెల్పూర్ పోయే తోవలో మేం పెట్టిన మొక్కలు లారీల దుమ్ముకు ఎర్రగా అయిపోయేవి. హైదరాబాద్ నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారంటే సారుకు నిద్రలేదు.

"మేడమ్, మొక్కలు పచ్చగా కనిపించాలి."

"దుమ్ము సార్. వానపడితే పోతుంది."

"వాళ్ళు వానకంటే ముందొస్తున్నారు."

ఇక చూడండి, నీళ్ళ ట్యాంకరు, గుడ్డపీలికలు, కూలీలు. ఒక్కొక్క ఆకు తుడిపించాడు. మొక్క మొదలుకు మాత్రం చుక్క నీళ్ళు పోయనీయలేదు, నేల బురదైతే పెద్దల బూట్లు పాడవుతాయని. ఒక కూలామె ఆకు తుడుస్తూ తుడుస్తూ, "మా అత్తకు గూడ ఇంత సేవ జెయ్యలే మేడం" అంది. పెద్దలు వచ్చారు, కారు అద్దం దించకుండానే చూసి పోయారు. సారుకు మెప్పొచ్చింది. ఆ వేసవిలోనే మొక్కలు ఎండిపోయాయి, శుభ్రంగా.

నేను అక్కడ నేర్చుకుంది ఒక్కటే. పైవాళ్ళు అడవిని చూడరు, పచ్చరంగును చూస్తారు. ఇది గుర్తు పెట్టుకోండి, ఇక మీదట చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

ఎవరి ఇప్ప వాళ్ళది

తర్వాత నన్ను మహబూబాబాద్ వైపు, కొత్తగూడ అడవికి రేంజి ఆఫీసర్‌గా వేశారు. అక్కడ ఒక చిన్న గూడెం. దాని వెనకనే అడవి, అడవినిండా ఇప్పచెట్లు. కాగితం ప్రకారం ప్రతి చెట్టూ సర్కారుది. గూడెం ప్రకారం ప్రతి ఇప్పకూ ఒక ఇల్లు ఉంది. ఇది ఫలానావాళ్ళ ఇప్ప, అది వాళ్ళ తమ్ముడి ఇప్ప. గుర్తు లేదు, కంచె లేదు, అయినా ఒకరి చెట్టు కింద రాలిన పువ్వును ఇంకొకరు ముట్టరు. మా శాఖ ముళ్ళతీగ చుట్టినా ఆగని మనుషులు, ఆ వట్టి మాటకు ఆగుతారు.

ఒకసారి తెలియక నేను కింద రాలిన పువ్వొకటి తీసి నోట్లో వేసుకున్నాను. తియ్యగా, కొంచెం మత్తుగా ఉంటుంది. వెనక నుంచి ఒకామె అంది, "మేడం, అది మా ఆడబిడ్డ చెట్టు. అడిగి తినాలె."

"సర్కారు అడివమ్మా ఇది" అన్నాను, యూనిఫాం మీదుంది కదా.

"సర్కారు వచ్చి ఏరుకుంటదా? ఏరుకొమ్మను. గంప నేనిస్త."

ఆమే నాగక్క. మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు. అడవిలో ఆమె ఇంటివి కొన్ని ఇప్పలున్నాయి, అత్త చేతి నుంచి వచ్చినవి. పొద్దుపొడవకముందే పోయి పువ్వు ఏరి, ఎండబెట్టి, సంతలో అమ్మితే వానలదాకా ఇల్లు గడుస్తుంది. పువ్వు అయిపోగానే, ఆ ఎండల్లోనే బీడీలకు తునికాకు కోస్తుంది. భూమి లేదు. ఆ చెట్లు పోతే ఆమెకు ఇక ఏమీ లేదు. దీన్ని నేను పెద్దగా వర్ణించను, ఆమె విన్నదంటే నవ్వుతుంది.

మార్చి

కొత్తగా వచ్చిన పెద్దసారు మార్చి నెలాఖరున మా అడవి చూడ్డానికి వచ్చాడు. మార్చిలోనే ఎందుకంటే, లెక్కలు మూసేముందు తిరగాల్సిన తిరుగుడంతా అప్పుడే తిరుగుతారు. మంచి చదువు చదివినవాడు. తలమీద టోపీ, చేతిలో పలకలాంటి ఫోను.

మార్చిలో మన అడవి ఎట్లా ఉంటుందో తెలుసు కదా. ఆకంతా రాలి, కట్టెలు నిలబెట్టినట్టు ఉంటుంది. అది చలికాలం పోగానే అడవి చేసుకునే ఏర్పాటు, నీళ్ళు దాచుకోవడానికి. పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. సారుకు తెలియదు. ఆయన చదివింది ఏడాదంతా పచ్చగా ఉండే చోట.

జీపు దిగి చుట్టూ చూశాడు. "ఇది అడవా? కట్టెల డిపోలా ఉంది. అంతా చచ్చిపోయింది మేడమ్."

"ఆకు రాల్చింది సార్. నెల పోతే చిగురేస్తుంది."

ఫోను నా ముందు పెట్టాడు. "ఆకాశం నుంచి తీసిన ఫోటో. పైనుంచి చూసినా ఇక్కడ ఏమీ లేదు."

"ఆకాశం గూడ మార్చిలనే చూసినట్టుంది సార్" అన్నాడు మా బీట్ ఆఫీసర్ మల్లేశ్. మంచి పిల్లవాడు, నోరు ఆగదు.

నేను ఒక కొమ్మను గోరుతో గీరాను. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. చూపించాను.

"గోరంత పచ్చదనం చూపించి అడవి అంటారా?" అన్నాడు. "ఈ ముక్కంతా క్షీణించిన అడవి కింద రాస్తాను. మొత్తం తీసేసి జామాయిల్ వేద్దాం. వానలకు ముందే దున్నాలి."

"ఇప్పచెట్లున్నాయి సార్. పండ్ల చెట్లు కొట్టకూడదు."

"బతికున్నవి కొట్టకూడదు. చచ్చినవాటికేం?"

ఆయన ఆ మాట అన్నది నాగక్క ఇప్ప కిందనే. చెట్టుకు ఒక్క ఆకు లేదు, నేలంతా తెల్లగా పువ్వు. నాగక్క గంపతో కూర్చుని ఏరుతోంది. సారు బూట్లు పువ్వుల మీద ఉన్నాయి.

"ఈవిడ ఏం ఏరుతోంది?"

"ఇప్పపువ్వు సార్. ఈ చెట్టుదే."

సారు చెట్టు వైపు చూశాడు, పువ్వు వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. ఫోనును నమ్మాడు.

నాగక్క తల ఎత్తలేదు. "ఏమంటాండు మేడం సారు?"

"చెట్టు సచ్చిపోయిందంటుండు" అన్నాడు మల్లేశ్.

సారు అప్పుడే చెమట తుడుచుకోవడానికి టోపీ తీశాడు. కింద నున్నగా మెరుస్తోంది. నాగక్క ఒకసారి చూసి, మళ్ళీ ఏరుకుంటూ అంది, "ఎంటికలు రాలితే సచ్చిపోయినట్టేనా? మరి సారును జీపుల ఎవలు కూసోబెట్టి తెచ్చిన్రు?"

మల్లేశ్ దగ్గినట్టు చేసి చెట్టుచాటుకు పోయాడు. సారు టోపీ పెట్టుకున్నాడు. "ఏమంది?" అన్నాడు. "ఎండ ఎక్కువుంది, టోపీ తీయొద్దంటోంది సార్" అన్నాను. అబద్ధమేమీ కాదు, భావానువాదం.

సుత్తె

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక సంగతి తెలియాలి. సర్కారు అడవిలో చెట్టు కొట్టాలంటే ముందు దాని బెరడు చెక్క లేపి ముద్ర కొట్టాలి. ఆ ముద్ర ఒక సుత్తెకు ఉంటుంది. ఒక ఆఫీసర్ కింద ఉండే అడవిని రేంజి అంటారు. రేంజికి ఒక సుత్తె, ఆ ఆఫీసర్ తాళంలో ఉంటుంది. ముద్ర లేని చెట్టు కొడితే దొంగతనం. ముద్ర ఉన్న చెట్టు కొడితే అభివృద్ధి. మధ్యలో ఉన్న తేడా అంతా ఆ ఇనుప ముక్కే, అది నా బీరువాలో ఉంది.

ఇది కూడదని కాగితం రాశాను. కాగితానికి జవాబుగా కాగితం వచ్చింది, ముద్రలు వెంటనే పూర్తి చేయమని.

నాగక్క రేంజి ఆఫీసుకు వచ్చింది. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"మేడం, నిజం జెప్పు. గీ ఏడు ఏరుడే ఆఖరా?"

"కాదని చెప్పలేను నాగక్కా."

"మరి ఏం జెయ్యమంటవు? మీ ఆఫీసు ముంగట కూసుంటే దొర ఇంటడా?"

"వినడు. కేసు పెడతాడు. నువ్వు పువ్వు ఏరుకో. వాన పడేదాకా నాకు వదిలెయ్యి."

"వానకేం ఎరుక దొర సంగతి?" అంది.

వానకు తెలియదు, నాకు తెలుసు. భూపాలపల్లిలో ఆకులు కడిగించిన సారు దగ్గర నేర్చుకున్నాను కదా. ఆ అడవికి కావాల్సింది న్యాయం కాదు, పచ్చరంగు. అది వేసే పని అడవిదే. అప్పటిదాకా టైమ్ తేవడం నా పని.

అందుకని మా సుత్తెకు జబ్బు చేసింది. అక్షరాలు అరిగిపోయాయని రాసి బాగు చేయడానికి పంపాను. నిజంగానే కొంచెం అరిగింది, అందరి సుత్తెలూ అరిగే ఉంటాయి, ఎవరూ చూడరు. సారు ఫోన్ చేశాడు.

"మేడమ్, సుత్తె ఏమైంది?"

"కమ్మరి దగ్గరుంది సార్."

"ఇంకా?"

"ఆయన బిడ్డ పెళ్ళి సార్."

మళ్ళీ ఫోన్. "పెళ్ళయిందా?"

"అయింది సార్. ఇంకా ఒడిబియ్యం పోసే తంతు ఉంది."

ఇంకోసారి, "పక్క రేంజి సుత్తె తెప్పించుకోండి" అన్నాడు. "తెప్పిస్తాను సార్, కానీ వాళ్ళ ముద్ర మా అడవిలో కనిపిస్తే రేపు ఆడిట్‌లో మీ సంతకమే అడుగుతారు" అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. ఆఫీసర్లకు దయ్యమన్నా భయం లేదు, ఆడిటన్నా, ఏసీబీ అన్నా ఉంది. మీకు బాస్‌తో మాట్లాడ్డం రాకపోతే ఆ రెండు మాటలు నేర్చుకోండి చాలు.

నవ్వకే. నవ్వుకుంట రాస్తే అచ్చరాలు వంకరపోతయి.

జూన్

డోజర్లు వచ్చి గూడెం పక్కన నిలబడ్డాయి. డ్రైవర్లు వాటి నీడలో పడుకుని నిద్రపోయారు. ఈలోగా అడవి తన పని తాను చేసుకుంది. ఇప్ప ఎర్రగా చిగురేసింది, తునికి ఆకేసింది, మిగతావి ఒకదాన్ని చూసి ఒకటి. మొదటి వానకు కింద గడ్డి లేచింది.

అప్పుడు సారు వచ్చాడు. ఒక్కడే కాదు, తన పైసారును వెంటబెట్టుకుని, క్షీణించిన అడవిని ఎట్లా బాగుచేయబోతున్నాడో చూపించడానికి. దిగాడు. చుట్టూ చూశాడు. పదడుగులు అవతల ఏముందో కనిపించనంత పచ్చన.

నా చెవి దగ్గరకు వచ్చి, "ఇది కాదు మేడమ్. ఆ చచ్చిన సైటు దగ్గరకు తీసుకుపొండి" అన్నాడు.

"ఇదే సార్."

"కాదు."

"గిదే సార్. గా ఇప్ప కిందనే మీరు టోపీ తీసిన్రు" అన్నాడు మల్లేశ్.

పైసారు అటూ ఇటూ నడిచి, "బ్రహ్మాండంగా ఉందే. ఇక్కడ అంతకుముందు ఏముండేది?" అన్నాడు.

ఇప్పచెట్లన్నీ ఆ ఒక్క జవాబు మీద నిలబడి ఉన్నాయి. మా సారు ముఖం చూశాను. ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది, ఆ తర్వాత వెలిగింది.

"మార్చిలో ఇక్కడ ఏమీ లేదండి. మొత్తం చచ్చిపోయి ఉండేది. గట్టి రక్షణ పెట్టించాను. చూడండి, ఎట్లా లేచిందో."

అంతే. పైసారు వీపు తట్టాడు. ఫోటోలు దిగారు. వారంలో బోర్డు వచ్చింది, సహజ పునరుత్పత్తికి నమూనా అని, కింద సారు పేరు. బోర్డు పాతిన చోట డోజరు రాదు కదా. అవి మర్నాడే వెళ్ళిపోయాయి.

నాగక్క బోర్డు ముందు నిలబడి అడిగింది, "ఏం రాసిన్రు మేడం?"

"ఈ అడవిని సారు పెంచాడని రాశారు."

ఆమె తన ఇప్పను చూసింది. ముగ్గురు చేతులు చాపినా అందనంత మొదలు. "మా అత్త కాపురానికొచ్చినప్పటికే గింత లావుండెనట. సారుకెంత వయసుంటది?" అంది. తర్వాత, "పోనీ తియ్, పేరే గదా. పువ్వైతే మాది" అంది.

ఆ తర్వాత

ఇక్కడ ఆపితే నేనేదో ఘనకార్యం చేసినట్టుంటుంది. కానీ డోజర్లు ఊరికే ఉండవు. ఆ ఏడు ఇంత జామాయిల్ నాటాలని పైన అనుకున్నారు, నాటాలి. పక్క రేంజికి పోయాయి. అక్కడి ఆఫీసర్ చాలా వినయం గలవాడు, మెడ వంచి వంచి ఆకాశం చూడడమే మరిచాడు. ఆయన సుత్తె ఎప్పుడూ అరగలేదు. అక్కడి అడవి కూడా మార్చిలోనే ఆకు రాల్చింది, జూన్ చూడకుండానే పోయింది. ఇప్పుడు పోయి చూడండి, వరుసల్లో కర్రలు, కింద గడ్డి లేదు. ఆ ఊరి ఆడవాళ్ళు ఎండల్లో మిరప ఏరే కూలికి పోతున్నారు. ఆ జామాయిల్ కూడా పచ్చగానే ఉంది, అందుకే అక్కడా ఒక బోర్డుంది.

నా మాట ఒక్కటే. ఎండలో, వానలో, చలిలో నడవనివాడికి ఒక అడవి బతికిందో చచ్చిందో రాసే హక్కు ఉండకూడదు. అంత తిరిగే తీరిక లేకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉంచండి. ఖాళీ కుర్చీ వల్ల ఇప్పటిదాకా ఒక్క చెట్టూ పోలేదు.

సారు బదిలీ అయ్యాడు. నేను రిటైరై జనగామ వచ్చేశాను. బోర్డు గాలికి పడితే దాని రేకును ఎవరో కోళ్ళగూటికి కప్పారు, అది మాత్రం పనికొచ్చింది. బోర్డు పాతిననాడే నాగక్క అడిగింది నన్ను, "వచ్చే ఎండకాలం మల్ల ఆకు రాలుతది గద మేడం. కొత్త దొరొస్తే?" అని.

ఈ ఏడు కొత్త దొర వచ్చాడు. పోయినవారం ఆ రేంజిలో చేరిన పిల్ల, నీకంటే కొంచెం పెద్దదుంటుంది, జనగామ దాకా వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "సారు వచ్చేవారం వస్తాండు మేడం. ఫోటో జూసి అంతా సచ్చిందని ఇప్పుడే అంటాండు. సుత్తె దాసిపెట్టాల్నా?" అంది.

"నా ఉపాయం నీకు చెల్లదు బిడ్డా" అన్నాను. "సుత్తె ఎక్కడుందో ఇప్పుడు వాళ్ళు ఫోన్లోనే చూస్తున్నారు. జూన్ దాకా ఆగే ఓపికా లేదు వాళ్ళకు. నువ్వు ఆయనను మధ్యాహ్నం జీపులో తేవొద్దు. తెల్లారగానే తీసుకపో. నాగక్కను అడుగు, ఇంకా గట్టిగానే ఉంది. ఆమె చెట్టు కిందికి పోయినాక, సార్, జర బూట్లు విప్పుండ్రి, ఇది తినే పువ్వు అని చెప్పు. విప్పుతాడు, కోపంగా అయినా విప్పుతాడు. ఆ తర్వాత ఫోను నువ్వు పట్టుకో, గంప ఆయన చేతికివ్వు. పైనుంచి పువ్వు నెత్తి మీద పడుతుంటే, వంగి ఏరుతూ ఏరుతూ ఆ గంప నిండేసరికి, చచ్చిన చెట్టు ఇంత ఎట్ల పూస్తదని ఆయనే నిన్ను అడగాలె. అడిగిండనుకో, నువ్వేం మాట్లాడకు, వట్టిగ ఆయన చెయ్యి పట్టుకొని ఆ కొమ్మ మీద గోరుతోని—"

"అత్తమ్మా! అన్నం పెట్టిన, సల్లగైతాంది, జర రాండ్రి!"